పదిహేడో గోడ, రెండో కప్పు

"మన రికార్డు క్లర్కును నిన్న లిఫ్టులో కాల్చేశారు," అన్నాడు చీఫ్. "వాడూ దొంగే. విదేశాల్లో మారుపేర్లతో ఉన్న మన పదకొండుమంది జాబితాను మైక్రోఫిల్మ్ తీసి అవతలి ముఠాకి అమ్మాడు. సరుకు ఇంకా చేతులు మారలేదు. పాత నగరం శిథిలాల్లో ఏదో గోడలో దాచాడట. అంతవరకే చెప్పి పోయాడు."

ఏజెంట్ ఒక్కటే అడిగాడు. "జాబితాలో మా తమ్ముడు ఉన్నాడా సార్?"

"ఏడోవాడు."

తమ్ముణ్ణి చూసి తొమ్మిదేళ్లయింది. ఇద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంట్ కాబట్టి ఒకరికొకరు ఉత్తరం ముక్క కూడా రాసుకోకూడదని రూలు. ఆ రూలు పెట్టిన పెద్దమనిషికి తోడబుట్టినవాళ్లెవరూ లేరని ఏజెంట్ గట్టి నమ్మకం.

"అక్కడొక లేడీ గైడ్ ఉంటుంది. డబుల్ ఏజెంట్. వాళ్ల జీతం తింటుంది, పని మనకు చేస్తుంది. ఆమె 'ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారా?' అంటే నువ్వు 'మీరొచ్చాకే' అనాలి. సరేనా? ఇక బయల్దేరు."

వేషం, గోడలు చూసుకునే మేస్త్రి. పగుళ్లిచ్చిన గోడలకు అడ్డంగా సన్నటి గాజు పట్టీలు ప్లాస్టర్‌తో అతికించి ఉంటాయి. గోడ వెంట్రుకవాసి కదిలినా పట్టీ విరుగుతుంది. అలాంటివి నలభై రెండు. రోజూ పొద్దున్నే చూసి నోటుబుక్కులో టిక్కు పెట్టాలి. డిపార్ట్‌మెంట్ వాళ్లు పెన్ను ఆకారంలో పిస్టల్ ఇచ్చారు. శిథిలాల ఆఫీసు వాళ్లు ఒక డొక్కు విజిల్ ఇచ్చారు. సాయంత్రం నాలుగింటికి అది ఊదితే వాచ్‌మన్ గేటు దగ్గర ఇనుప కడ్డీ దించుతాడు. దించాక మంత్రిగారొచ్చినా ఎత్తడు.

మూడు వారాలు గడిచాయి, ఫిల్ము జాడ లేదు. వేలమంది కాపురాలు చేసిన ఊరది. ఇప్పుడు కప్పుల్లేని గదులూ అరిగిన గడపలూ మిగిలాయి. గోడ కూలిన చోట దారి ఉన్నా అతను గుమ్మంలోంచే లోపలికి వెళ్లేవాడు. ఒక గదిలో రెండు రాతి అరుగులు పక్కపక్కనే ఉండేవి. అన్నదమ్ముల పడకలై ఉంటాయని తనే తీర్మానించుకుని, రోజూ అక్కడే కూర్చుని భోజనం చేసేవాడు.

గైడ్‌తో గుర్తు మాటలు మొదటి రోజే కలిశాయి. ఆ తర్వాత రోజూ మూడింటికి వచ్చేది. ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, ఆ రాళ్లలో కూడా హైహీల్స్. అతని సామాన్ల పెట్టె మీద దర్జాగా కూర్చుని ఫ్లాస్కు తెరిచేది. మొదటి కప్పు తనకి, రెండోది అతనికి. ఆ పది నిమిషాల కోసమే అతను మిగతా రోజంతా బతికేవాడు. సీక్రెట్ ఏజెంట్ల గురించి ఇలాంటివి ఎవరూ చెప్పరు.

ఇరవై రెండో రోజు ఆమె కూర్చోలేదు.

"టీ అయిపోయింది మేస్త్రిగారూ. ఇవాళ గ్రూపు పెద్దది."

అని వెనక్కి తిరిగింది. భుజాన వేలాడుతున్న ఫ్లాస్కులో టీ కదిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

రెండుసార్లు తూటాలు తిని కిక్కురుమనని మనిషి, ఒక కప్పు టీ కోసం మొహం మాడ్చుకున్నాడు. ఒక్కడే కూర్చోబుద్ధి కాలేదు. ఏం తోచక, పొద్దున చూసిన గోడల్నే మళ్లీ చూడ్డానికి బయల్దేరాడు.

పదిహేడో గోడ దగ్గర ఆగిపోయాడు. మిగతా పట్టీలన్నీ దుమ్ముకొట్టుకుపోయి ఉంటే ఇదొక్కటే తళతళలాడుతోంది. ప్లాస్టర్ ముట్టుకుంటే వేలికి అంటింది. అక్కడి రాయి లాగాడు. వెనక చిన్న గుంత, ఖాళీగా. కొత్త పట్టీలు అతని పెట్టెలోనే ఉంటాయి. దాని మీద కూర్చునేది ఒక్కరే.

అతనికి ముందు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. తర్వాత తమ్ముడు గుర్తొచ్చాడు. పరిగెత్తాడు.

కింద టూరిస్టు బస్సు మెట్ల మీద, గడ్డి టోపీ పెట్టుకున్న విదేశీయుడికి ఆమె ఫ్లాస్కు అందిస్తోంది. ఇద్దరూ ఎక్కారు. బస్సు కదిలింది. పెన్ను పిస్టల్ రేంజి పదడుగులు. బస్సు రెండు వందల గజాల దూరంలో ఉంది. టైము మూడూ యాభై ఎనిమిది.

విజిల్ తీసి ఊపిరంతా పెట్టి ఊదాడు.

వాచ్‌మన్ తన వాచీ వంక అనుమానంగా చూసుకున్నాడు. కానీ విజిల్ విజిలే. బస్సు ముక్కుకి జానెడు దూరంలో కడ్డీ దించేశాడు. డ్రైవర్ హారన్ మోగించాడు.

"ఎంత మోగించినా అంతే," అన్నాడు వాచ్‌మన్. "విజిల్ పడింది."

ఏజెంట్ రొప్పుతూ బస్సెక్కి, పెన్ను టోపీవాడి మెడకి ఆనించి ఫ్లాస్కు లాక్కున్నాడు. ఊపితే లోపల ఏదో టిక్కుమంది.

గైడ్ కళ్లద్దాలు తీసింది. "పట్టీలు పొద్దున ఒక్కసారేగా చూస్తారు మీరు?"

"టీ తాగిన రోజుల్లో ఒక్కసారే."

"పోస్తే ఫిల్ము మీ కప్పులో పడేది."

"తెలుసు," అన్నాడతను. "అయినా అడుగుతాను. ఇన్నాళ్లూ పోసింది కూడా డ్యూటీయేనా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

జీపులు వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లాక చీఫ్ ఫోన్ చేశాడు.

"పదకొండుమందీ సేఫ్."

"మా తమ్ముడితో ఒక్కసారి మాట్లాడొచ్చా సార్?"

"రూలు తెలుసుగా. ఎవిడెన్స్ లిస్టు రాసి పంపు."

అతను రెండు అరుగుల గదికి వెళ్లాడు. ఫ్లాస్కులోంచి ఫిల్ము ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని తీసి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. టీ ఇంకా గోరువెచ్చగా ఉంది. రెండు కప్పులు పోసి, ఒకటి తాగి, రెండోది ఎదుటి అరుగు మీద పెట్టాడు. ఎండ గోడ దిగేదాకా చూసి అదీ తనే తాగాడు.

తర్వాత కాగితం తీసి రాశాడు: ఫిల్ము, ఒకటి. ఫ్లాస్కు, ఒకటి. ఖాళీ.