తప్పు రాయకు, ఇర్కా

మిల్వాకీలో సెప్టెంబరు వచ్చిందంటే చలి సరస్సు మీంచి లేచి తిన్నగా వంటింట్లోకే వస్తుంది. ఆ బుధవారం పొద్దున స్టెఫానియా పొయ్యిని ఆనుకుని నిలబడి బంగాళాదుంప అట్లు వేస్తోంది. మొగుడు కజిమీర్ బల్ల దగ్గర కాఫీ చల్లార్చుకుంటున్నాడు. తోళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళ చాకిరీ ఆయనది. ఎంత సబ్బు అరగదీసినా ఆ వేళ్ళ గోధుమరంగు వదలదు. గోడమీద మేరీమాత పటం పక్కన ఇంకో పటం ఉంది. దాని మొహం గోడవైపుకి తిప్పేసి ఉంది.

అది మా ఊరి బేస్‌బాల్ జట్టు పటం. పన్నెండేళ్ళ కిందట ఆ జట్టు మా ఊరు వచ్చినప్పుడు కొత్తకోడలు గడప తొక్కినట్టే చూసుకున్నాం. ఆటగాళ్ళ ఇళ్ళకు సాసేజీలు, కేకులు, బీరు పెట్టెలు మోయని వీధి లేదు. ఇప్పుడా కోడలు గిన్నెలతో సహా సర్దుకుంటోంది. యజమానులు జట్టును అట్లాంటాకు తరలిస్తున్నారు. ఒప్పందం తీరలేదు కాబట్టి ఈ ఒక్క ఏడాదీ ఇక్కడ ఆడారు. ఆ మాట తెలిసిన రోజునే కజిమీర్ పటం తిప్పేశాడు. మూలమీది బీరు కొట్లో, వీధి వీధంతా వినేలా, ఇక ఆ మైదానంలో కాలు పెట్టనని ఒట్టేశాడు.

ఆ సాయంత్రమే ఊళ్ళో చివరి ఆట.

"నాన్నా, ఈ సాయంత్రం..." అంది కూతురు ఇరేనా, తండ్రికి ముద్దుగా ఇర్కా. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, ఆ జట్టు టిక్కెట్ల ఆఫీసులోనే టైపిస్టు.

"ఉప్పు ఇటు పెట్టు."

"నా దగ్గర రెండు టిక్కెట్లున్నాయి."

"స్టెఫా, నీ కూతురికి చెప్పు. ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దని."

"నువ్వే చెప్పుకో, నోరు లేదా? నా చేతిలో గరిటె ఉంది, నన్ను మధ్యలోకి లాగితే దాంతోనే పడుద్ది."

ఇరేనా గుక్క తిప్పుకుంది. "ఇంకో సంగతి. నన్ను అట్లాంటా ఆఫీసుకి రమ్మన్నారు. శుక్రవారంలోగా చెప్పాలి. నాకు వెళ్ళాలనుంది నాన్నా."

పెనం మీద అట్టు మాడుతున్నా స్టెఫానియా తిప్పలేదు.

"వాళ్ళ సామాన్లలో నువ్వూ ఒక పెట్టెవా?" అన్నాడు కజిమీర్.

"నన్నెవరూ ఎత్తుకుపోవట్లేదు. నేనే వెళ్తానంటున్నా. ఇక్కడ ఆఫీసు మూసేస్తే ఆ పని ఇంకెక్కడ దొరుకుతుంది నాకు? ఆ పనంటే నాకిష్టం. ఆ ఇష్టం పెట్టింది నువ్వే."

"ఊరిని వదిలేసి పోయేవాళ్ళ వెంట పోతావా? సరే, పో. ఉత్తరాలు మాత్రం రాయకు. వచ్చినా నేను విప్పను."

టోపీ పెట్టుకుని తలుపు వేసుకుని పోయాడు. తిండి డబ్బా బల్లమీదే ఉండిపోయింది.

ఇరేనా మొహం చేతుల్లో దాచుకుంది. తల్లి మాడిన అట్టు తీసి పక్కన పడేసి, "ఏడుస్తూ కూచుంటే వంటవదు. నేలమాళిగలోకెళ్ళి పుల్లక్యాబేజీ జాడీ పట్టుకురా. వెనకాల ఉన్నది" అంది.

"ముందున్నది నిండుగా ఉందిగా అమ్మా?"

"వెనకది అన్నానా! ఈ ఇంట్లో నా మాట ఎప్పుడు విన్నారు గనక!"

ఇరేనా మాళిగలోకి దిగి వెనక జాడీ పక్కకి జరిపితే గోడవారగా చిన్న రేడియో కనిపించింది. దాని కింద అట్ట నలిగిన స్కోరు పుస్తకం.

ఆ పుస్తకాల సంగతి ఆమెకు తెలియనిదా? తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పక్కన కూచుని, ఒక్కో ఆటగాడికి ఒక్కో గడి చొప్పున ఆట మొత్తం పెన్సిలుతో రాయడం నేర్చుకుంది. ఫీల్డరు చేతిలోంచి బంతి జారిందనుకోండి, అది కొట్టినవాడి గొప్పా, పట్టలేనివాడి తప్పా? రాసేవాళ్ళే తేల్చాలి. ఇరేనా చిన్నప్పుడు చటుక్కున "తప్పు" అని రాయబోయేది. కజిమీర్ చేయి పట్టుకుని ఆపేవాడు. "ఎండ కంట్లో పడిందే పిల్లా. తప్పు రాయకు, ఇర్కా." బీరు కొట్లో అందరూ ఆయన్ని ఎగతాళి చేసేవారు, ఆయన పుస్తకంలో మన జట్టు ఏనాడూ తప్పే చెయ్యదని.

ఆమె పుస్తకం తెరిచింది. అన్నీ ఈ ఏడాది ఆటలే. ఒక్కటీ వదల్లేదు! కాలు పెట్టనని ఒట్టేసిన మనిషి క్యాబేజీ జాడీల మధ్య కూచుని అంతా విన్నాడు. ఏప్రిల్ పేజీల్లో మన వాళ్ళ మీద తప్పుల మీద తప్పులు. అవతలివాడు బంతిని ఆకాశానికి కొట్టినా తప్పు మనవాడిదే. ఎంత కోపంగా రాశాడో, పెన్సిలు ములుకు కాగితంలో దిగిపోయింది. తర్వాతెప్పుడో కూచుని వాటిని ఒక్కొక్కటే రబ్బరుతో చెరిపేశాడు. కాగితం ఉల్లిపొర అయిపోయింది.

ప్రతి పేజీ పైనా, రాసినవారు అన్న చోట, ఎప్పటిలాగే రెండు పేర్లు. కజీ, ఇర్కా.

సాయంత్రం కజిమీర్ వచ్చేసరికి బల్లమీద ఆ పుస్తకం, దాని మీద రెండు టిక్కెట్లు ఉన్నాయి.

"దీన్నెవరు తీశారు?"

"జాడీ తెమ్మంటే తెచ్చింది. అక్కడ నువ్వేం దాచావో నాకేం తెలుసు?" అంది స్టెఫానియా, వెనక్కి తిరగకుండా.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "వాళ్ళు ఈ ఊరికి తప్పు చేశారు ఇర్కా."

"చేశారు నాన్నా, కాదన్లేదు. మరి నా గడిలో ఏం రాస్తావు?"

ఆయన ఆ గోధుమరంగు వేళ్ళతో పుస్తకం అట్టను చాలాసేపు సాపు చేస్తూ కూచున్నాడు. తర్వాత జేబులు తడుముకున్నాడు.

"పెన్సిలు చెక్కావా?" అన్నాడు.

వాళ్ళిద్దరూ వీధిలోకి రాగానే ఎదురింటి జిగ్మంట్ అరుగు మీంచి అరిచాడు. "ఏం కజీ, ఒట్టు తీసి గట్టున పెట్టావా?"

"ఒట్టు వేసింది జట్టు మీదరా. కూతురి మీద కాదు."

మైదానంలో సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్ళు మాత్రం చావింటికి వచ్చినవాళ్ళలా పక్కవాళ్ళ భుజాల మీద చేతులేసుకుని కూచున్నారు. ఆట ముగింపుకొచ్చింది. మనవాడి చేతికొచ్చిన బంతి జారింది. దాంతో ఒక పరుగు పోయింది, ఆ వెనకే ఆట కూడా. ఇరేనా కళ్ళు తుడుచుకుని పెన్సిలు గడిలో పెట్టింది. ఆమె చేతిమీద తండ్రి చేయి పడింది.

"మంచుకి బంతి తడిసింది. తప్పు రాయకు."

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన టోపీ కళ్ళమీదికి లాక్కుని మైదానం వంకే చూస్తూ అన్నాడు: "అక్కడి రేడియో మన మాళిగలో పలకదు. ప్రతి ఆటా రాసి పంపు."

"విప్పనన్నావుగా?"

"అమ్మ విప్పుతుందిలే. పైన ఇద్దరి పేర్లూ మర్చిపోకు."

ఏప్రిల్లో అట్లాంటా నుంచి మొదటి కవరొచ్చింది. పటం అప్పటికి మళ్ళీ ఇటు తిరిగి ఉంది. స్టెఫానియా విప్పేలోగా ఆయనే లాక్కున్నాడు. లోపలి స్కోరు కాగితంలో మూడో వరస చివరి గడిలో ఇర్కా "తప్పు" అని రాసింది. కజిమీర్ దాన్ని దీపం దగ్గర పెట్టి చూశాడు, నిట్టూర్చాడు, రబ్బరు తీసుకుని నెమ్మదిగా చెరిపాడు.

"అంత దూరం నుంచి నీకేం కనబడిందయ్యా?" అంది స్టెఫానియా.

"అక్కడ ఎండెక్కువ. కంట్లో పడుంటుంది" అన్నాడు. రబ్బరు పొట్టు ఊదేసి, కాగితం మడిచి, తిరుగు టపాలో కూతురికి పంపాడు.