మూడో కాపీ

"హేమసుందర్ అంటే మీరేనా?"

ఢిల్లీ బేర్ సరాయ్‌లో మా ఆంధ్రా మెస్సు. ఆదివారం మధ్యాహ్నం. పప్పులో నెయ్యి కలుపుకుంటున్నవాణ్ణి తలెత్తి చూశాను. ఎదురుగా హెల్మెట్. హెల్మెట్ లోపల రెండు పెద్ద కళ్ళు. ఆ కళ్ళ నిండా కోపం.

"అవునండీ, నేనే."

ఆ అమ్మాయి భుజాన ఉన్న సంచిలోంచి నల్లటి హార్డ్ డిస్క్ ఒకటి తీసి నా కంచం పక్కన ఠప్పున పెట్టింది.

"మీరు కొనమన్న డ్రైవే ఇది. మా అమ్మ పాటల్లో ఈల వేస్తోంది."

"డ్రైవులు ఈల వెయ్యవండీ."

"అచ్ఛా? అయితే వినండి."

ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టేసింది. పెట్టడం అనకూడదు, గుచ్చింది.

ఎవరో పెద్దావిడ గొంతు. పెరట్లో పని చేసుకుంటూ తనకోసం తను పాడుకుంటున్నట్టుంది. నేను అన్నం సంగతి మరిచిపోయాను. ఆ గొంతు ఆగిన చోటల్లా మాత్రం వెనకనుంచి సన్నగా ఒక రొద వినిపిస్తోంది, గుయ్యిమని. మధ్యలో టిక్కుమని చిన్న చప్పుడు.

సంగతి నాకు అర్థమైంది. నా తప్పు కూడా అర్థమైంది.

నేను నెహ్రూ ప్లేస్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాను. ఆఫీసుల ఫైళ్ళు పోకుండా కాపీలు తీసి కాపాడడం నా ఉద్యోగం. అందుకని మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరికి డ్రైవ్ కావాలన్నా నన్నే అడుగుతారు. నెల కిందట భీమేశ్వరరావు అనే ఆయన "పాటలు పెట్టుకోవడానికి ఏది కొనాలి?" అని అడిగారు. "మామూలు హార్డ్ డిస్క్ చాలండీ, ఎక్కువ పెట్టకండి" అని జవాబిచ్చాను. ఈవిడ ఆయన కూతురన్నమాట.

"మైకు ఎక్కడ పెట్టారు?"

"టేబుల్ మీద."

"డ్రైవ్?"

"అదే టేబుల్ మీద. లాప్‌టాప్ నిండిపోయింది, అందుకే డైరెక్ట్‌గా ఇందులోకే రికార్డ్ చేస్తున్నా."

"దీని లోపల ఒక పళ్ళెం గిర్రున తిరుగుతూ ఉంటుందండీ. ఆ చప్పుడు బల్ల మీదుగా మైకులోకి ఎక్కింది. పాటలు దాచుకోవడానికి ఇది బంగారం. పాడేటప్పుడు పక్కన పెట్టుకోవడానికి పనికిరాదు."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాల్సింది. దేనికోసమని అడక్కుండా సలహా ఇచ్చాను. తప్పు నాదే."

ఆ అమ్మాయి హెల్మెట్ తీసి కుర్చీలో కూలబడింది.

"ఏంటండీ మీరు! కంటోన్మెంట్ నుంచి ఇక్కడిదాకా స్కూటీ మీద డైలాగులు ప్రాక్టీస్ చేసుకుంటూ వచ్చాను. అన్నీ వేస్ట్ చేసేశారు."

పేరు నవ్యశ్రీ. తండ్రి సైన్యంలో సుబేదార్. జబల్‌పూర్, అంబాలా, ఢిల్లీ ఇలా కంటోన్మెంట్లలోనే పెరిగింది కాబట్టి హిందీ ముందొస్తుంది, తెలుగు తర్వాతొస్తుంది. కోపం వస్తే రెండూ కలిసి వస్తాయి.

"పదకొండు పాటలు రికార్డ్ చేశాను. అన్నిట్లోనూ ఈలే," అంది. గొంతు తగ్గింది. "వచ్చే మంగళవారం కాక, ఆ పై మంగళవారం అమ్మకి థైరాయిడ్ ఆపరేషన్. గొంతు మళ్ళీ ఇలాగే ఉంటుందని గ్యారంటీ ఇవ్వలేమన్నారు డాక్టర్‌గారు. ఉండొచ్చు. ఉండకపోవచ్చు."

నా కంచంలో అన్నం ఆరిపోయింది.

"తొమ్మిది రోజులున్నాయి. రేపు సాయంత్రం నెహ్రూ ప్లేస్‌కి రండి," అన్నాను. "మీరు తిన్నారా?"

"ఆకలిగా లేదు."

ఆకలిగా ఉందని కళ్ళు చెబుతున్నాయి. ఇంకో కంచం తెప్పించాను. మారు పప్పు కూడా వేయించుకుంది.

* * *

మర్నాడు నెహ్రూ ప్లేస్‌లో వాన. ఆ పెద్ద ఖాళీ స్థలమంతా అరనిమిషంలో చెరువైంది. కవర్లు కప్పుకుని, సంచులు నెత్తిన పెట్టుకుని అందరూ వరండాల్లోకి పరిగెత్తారు. నవ్యశ్రీ మాత్రం తాపీగా తడుస్తూ వచ్చి నా పక్కన నిలబడింది.

"గొడుగు తేలేదా?"

"తెచ్చాను. లాప్‌టాప్‌కి పట్టాను."

చూస్తే నిజమే. లాప్‌టాప్ సంచి పొడిగా ఉంది. ఆవిడ జడ కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి. మనిషి కంటే పాటలకి గొడుగు పట్టే అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు. కాసేపు చూస్తూ ఉండిపోయాను.

"ఏంటి?"

"ఏం లేదు. షాపులోకి వెళ్దాం."

వరండాలో ఒక దుకాణదారు బొటనవేలంత డ్రైవ్ చూపించాడు. "దీదీ, టూ టీబీ! ఆధే దామ్ మే!"

"వావ్! సగం ధరకే! ఇది తీసుకుందాం," అంది తను.

"ఒక్క నిమిషం." నా లాప్‌టాప్ తీసి, డ్రైవ్ గుచ్చి, ఫైళ్ళు నింపడం మొదలుపెట్టాను. పావుగంట అయ్యాక ముందు పెట్టిన ఫైళ్ళు తెరిచి చూశాను. పేర్లున్నాయి. లోపల ఏమీ లేదు.

"చూశారా? చోటు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. కొత్తది వచ్చేకొద్దీ పాతదాన్ని చెరిపేస్తుంది. మీ అమ్మగారి మూడో పాట పెట్టేసరికి మొదటిది పోయుండేది."

తను ఆ డ్రైవ్‌ని తేలు కుట్టినట్టు వదిలేసింది. దుకాణదారు మాత్రం ఏమీ సిగ్గుపడలేదు. "దీదీ, యే భయ్యా ఖరీదేంగే నహీఁ. బస్ టెస్ట్ కరేంగే!"

తను పగలబడి నవ్వింది. వాన చప్పుడులో కూడా ఆ నవ్వు వేరుగా వినిపించింది.

చివరికి నాలుగో షాపులో ఎస్ఎస్‌డీ కొన్నాం. లోపల తిరిగేదేమీ ఉండదు, చప్పుడు ఉండదు. కేబుల్ కదిలిస్తే తెగిపోకుండా ఉందో లేదో పదిసార్లు ఊపి చూశాను. సగం దాకా నింపి, తిరిగి చదివి, అప్పుడు సరేనన్నాను. అప్పటికి వాన కూడా ఆగిపోయింది.

"మీరు పెళ్ళిచూపులకి కూడా లాప్‌టాప్ పట్టుకెళ్తారా?" అంది తను.

జవాబు నాకు మెట్రో ఎక్కాక తట్టింది. అప్పటికి తను వెళ్ళిపోయింది.

* * *

నవ్యశ్రీ వాళ్ళ క్వార్టర్స్‌లో లోపలి గదే స్టూడియో. రెండు ఇనప బీరువాల మధ్య బయటి చప్పుడు రాకుండా దళసరి రజాయిలు వేలాడదీసి, మధ్యలో స్టూల్ వేశారు. జులై ఉక్కలో ఫ్యాన్ ఆపేసి, ఆ రజాయిల మధ్య చెమటలు కక్కుతూ వాళ్ళమ్మ పార్వతి ఆంటీ పాడేది. వాళ్ళది బొబ్బిలి వైపు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పెళ్ళిపాటలవి. ఎక్కడా రాసి లేవు.

ఇంటి మీదుగా విమానాలు పోతుంటాయి. కాబట్టి భీమేశ్వరరావు అంకుల్ ఫోన్‌లో విమానాల యాప్ తెరుచుకుని గుమ్మంలో కాపలా ఉండేవారు.

"మూడు నిమిషాలు క్లియర్! స్టార్ట్!" అని గట్టిగా అరిచేవారు.

"నాన్నా, మీ అరుపు కూడా రికార్డవుతోంది!"

"సారీ," అని గుసగుసగా అనేవారు సుబేదార్‌గారు.

ఆఫీసు అవగానే రోజూ వెళ్ళేవాణ్ణి. ఆ రోజు పాటలు మూడు కాపీలు తీసేవాణ్ణి. ఒకటి కొత్త ఎస్ఎస్‌డీలో. రెండోది నేను ఇచ్చిన ఇంకో డ్రైవ్‌లో. మూడోది ఆ ఈల వేసే హార్డ్ డిస్క్‌లో. దాన్ని నాతో పట్టుకుపోయేవాణ్ణి.

"అదెందుకు బాబూ తీసుకెల్తావు?" అని అడిగింది ఆంటీ.

"మూడో కాపీ వేరే ఇంట్లో ఉండాలండీ. ఒక ఇంటికి ఏదైనా అయినా ఇంకో ఇంట్లో భద్రంగా ఉంటుంది. మా పనిలో మొదటి నియమం ఇదే."

ఆంటీ తల ఊపింది. ఆ మాట ఆవిడకి నచ్చినట్టుంది.

శనివారానికి పదకొండు పాటలూ అయిపోయాయి. మిగిలింది ఒక్కటే, అప్పగింతల పాట. నవ్యశ్రీ అసలు ఈ పని మొదలుపెట్టిందే దానికోసం. ఆంటీ మాత్రం ససేమిరా అంది.

"ఆ పాటలో పెళ్ళికొడుకు పేరు పెట్టి పాడాలి. ఉత్తినే పాడకూడదు."

"ఏదో ఒక పేరు పెట్టు అమ్మా, ప్లీజ్!"

"ఏదో ఒక పేరా? నోటికొచ్చిన పేరు చెప్పి కన్నకూతుర్ని అప్పగించేత్తానేటే?"

"మంగళవారం తర్వాత నువ్వు పాడలేకపోతే?"

 పైనుంచి ఒక విమానం పోయింది. ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నవ్యశ్రీ నన్ను గేటు దాకా సాగనంపడానికి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, వెంటనే మాట మార్చింది.

"పాటలు అయిపోయాయి. డ్రైవ్ బాగానే ఉంది. ఇంకా రోజూ ఎందుకు వస్తారు?"

"ఫైళ్ళు చదివి చూడాలి కదండీ."

"ఆ షాపతను కరెక్ట్‌గా చెప్పాడు. మీరు కొనరు. టెస్టే చేస్తారు."

అని గిరుక్కున తిరిగి లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున్నే మా అమ్మకి ఫోన్ చేశాను. మాది మార్కాపురం. మా నాన్న పలకలు కోసే పనిలో ఉన్నాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. అమ్మకి చెప్పకుండా నేను ఇంతవరకూ ఏ పెద్ద పనీ చెయ్యలేదు. అంతా చెప్పాను.

అమ్మ, మాణిక్యాంబ, చాలాసేపు ఊఁ కొట్టి అడిగింది. "కోప్పడతదా?"

"బాగా."

"అయితే మంచిదే. నువ్వు మరీ మెత్తనోడివి. నిన్ను కోప్పడే మనిషి ఒకరుండాల. ఆ తల్లికి ఆపరేషన్ కానియ్యి, తర్వాత మాట్లాడదాం."

నాకూ అదే సరైనదనిపించింది. వాళ్ళ మనసులు అంత బరువుగా ఉన్నప్పుడు నా మాట కూడా తెచ్చి పెట్టకూడదు.

* * *

సోమవారం సెలవు పెట్టి వెళ్ళాను. సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి. సంచి సర్ది గుమ్మంలో పెట్టి ఉంది.

ఆంటీ స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని స్టూల్ మీద కూర్చుంది.

"అదొక్కటీ పాడేత్తాను," అంది. "నవ్యా, నువ్వు బయటికెల్లు. నువ్వుంటే నాకు ఏడుపొత్తాది. ఆ బాబు ఉంటాడు."

నవ్యశ్రీ ఆశ్చర్యంగా నా వైపు చూసి బయటికి వెళ్ళింది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

"నాలుగు నిమిషాలు క్లియర్," అన్నారు గుమ్మంలోంచి అంకుల్, ఈసారి మెల్లిగా.

ఆంటీ కళ్ళు మూసుకుంది. ముందు మెల్లగా, తర్వాత గొంతు విప్పి పాడింది. ఉయ్యాల గురించి, ఊరూరా మారిన ఇళ్ళ గురించి, సద్దన్నం గురించి. చివరి చరణం దగ్గర కళ్ళు తెరిచి నన్నే చూస్తూ పాడింది.

*ఆకలైతే అడగదయ్యా మా పిల్లా*
*అలిగినా అడిగి పెట్టు హేమసుందరయ్యా*

నా చేతిలో పెన్ను జారి చాప మీద పడింది.

పాట అయిపోయింది. ఆంటీ చెంగుతో మొహం తుడుచుకుంది.

"పేరు సరిగ్గా పడిందా బాబూ? మళ్ళీ పాడాలా?"

"ఆంటీ... అది నా పేరు..."

"రోజూ మూడేసి కాపీలు తీసి, చదివి చూసుకుని గాని ఇల్లు కదలవు. నా పాటల్నే అంత పదిలంగా చూసేవోడివి, నా పిల్లని చూడవా? నీకు ఇష్టం నేకపోతే చెప్పు. ఆ పేరు దగ్గిర కోసెయ్యి. నేనేం అనుకోను."

"కొయ్యనండీ," అన్నాను. "మా అమ్మకి నిన్ననే చెప్పాను."

అప్పుడే నవ్యశ్రీ తలుపు తోసుకుని వచ్చింది. "అయిందా? ఏ పేరు పెట్టావమ్మా?"

 లేచి హెడ్‌ఫోన్స్ తన చెవులకి పెట్టి, చివరి చరణం మొదలుపెట్టాను. తను చిరునవ్వుతో వింటోంది. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. వెనక్కి జరిపి మళ్ళీ ఒకసారి విని, హెడ్‌ఫోన్స్ తీసింది.

"టెస్టింగ్ ఇంకా ఎన్ని రోజులండీ?" అంది, నేల వైపు చూస్తూ.

"అయిపోయింది. నెహ్రూ ప్లేస్‌లో వాన పడ్డ రోజే అయిపోయింది. మీరంటే నాకు ఇష్టం. ఆపరేషన్ అయ్యాక చెబుదామనుకున్నాను."

"యార్, ఇంత లేటా! మా అమ్మ మీకంటే ఫాస్ట్!"

గుమ్మంలో అంకుల్ గొంతు సవరించుకున్నారు. "విమానం వస్తోంది, రికార్డింగ్ బంద్. హేమసుందర్, మీ నాన్నగారి నంబర్ ఇవ్వు."

* * *

ఆపరేషన్ బాగా జరిగింది. వారం దాకా మాట్లాడొద్దన్నారు. ఎనిమిదో రోజు మేమంతా మంచం చుట్టూ చేరాం. ఆంటీ నోరు తెరిచింది. గొంతు వచ్చింది. బొంగురుగా, కిందిస్థాయిలో వచ్చింది. పై స్థాయి ఇక రాదేమోనన్నారు డాక్టర్‌గారు.

నవ్యశ్రీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏడుపెందుకే," అంది ఆంటీ ఆ బొంగురు గొంతుతోనే. "నా పాటలు నా దగ్గరే ఉన్నాయి కదా. మూడో కాపీ పదిలమేనా బాబూ?"

"నా గదిలో ఉందండీ. నిన్నే చదివి చూశాను."

నవ్యశ్రీకి ఏదో తట్టినట్టు చటుక్కున నా వైపు తిరిగింది. "పెళ్ళయ్యాక నేను ఇక్కడి రెండు డ్రైవులూ పట్టుకుని మీ ఇంటికి వచ్చేస్తానుగా? అప్పుడు మూడూ ఒకే ఇంట్లో అయిపోతాయి. మరి మీ నియమం?"

 నిజంగానే చిక్కు ప్రశ్న.

"ఏటుంది అందులో," అంది ఆంటీ. "రెండోది నా దగ్గర ఉంచెల్లు. ఇకనించి మీకు వేరే ఇల్లంటే మాదే కదా."