పదకొండు గంటల ఫొటో

పొద్దున్న పదిన్నరకి వ్లస్తిమిల్ చెవి మిషను గురగురలాడింది.

"ముసలాయనా, వినబడుతోందా?"

కాడ్లెట్స్ గొంతు. ఒకప్పుడు వ్లస్తిమిల్ దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు గూఢచారి ఆఫీసుకి పెద్ద. వ్లస్తిమిల్ ఆ కొలువు మానేసి ఆరేళ్లయింది. వయసు డెబ్బయ్యొకటి, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఓలొమొత్స్ నుంచి రైల్లో పెళ్లాన్నీ కూతుర్నీ మనవరాలినీ తీసుకుని ప్రాగ్ చూపిద్దామని వచ్చాడు. నిన్న హోటల్లో దిగేసరికి ఈ కొత్త చెవి మిషను అతని పేరున వచ్చి కూచుంది. అప్పుడే అనుకున్నాడు, అయింది నా సెలవు అని.

"వినబడుతోంది. చెప్పు."

"ఎవరితోనయ్యా?" అంది పక్కన నడుస్తున్న యర్మిల. నలభై ఎనిమిదేళ్ల కాపురం వాళ్లది.

"మిషనుతో. సరిగ్గా పట్టుకోవట్లేదు."

"నేను చెప్పేది ఏ మిషనుకీ పట్టదులే," అని ఆవిడ ముందుకెళ్లింది.

కాడ్లెట్స్ గబగబా చెప్పాడు. "కెమిస్టు హవ్రానెక్ పదకొండింటికి పాత చౌకులో గడియారం కిందకొస్తాడు. రేపు కోర్టులో బయటిదేశం ముఠా గుట్టు విప్పాల్సిన మనిషి. వద్దన్నా వినలేదు, మనవరాలితో అక్కడ ఫొటో దిగాలట. గంట కొట్టేటప్పుడు గడియారంలో బొమ్మలు కదులుతాయని జనమంతా పైకి చూస్తారా, ముఠావాడు సరిగ్గా అప్పుడే కొడతాడు."

"నీ కుర్రాళ్లేరీ?"

"ఇద్దరున్నారు. ముఠావాళ్లు వాళ్ల మొహాలు ఎరుగుదురు, అందుకే దూరంగా పెట్టాను. మెళ్లో కెమెరా ఉన్న తాతని ఎవడు పట్టించుకుంటాడు చెప్పు? ఇరేనా నీకు తోడు. ఎర్ర శాలువా. మొగుడి వేషంలో ఒకతను ఉంటాడు."

"ఇరేనా రెండువైపులా జీతం తినే మనిషి కదటయ్యా?"

"ఇప్పుడు మనవైపే."

"ఎన్నింటిదాకా?"

అని, వ్లస్తిమిల్ యర్మిల వెనకే చౌకుకేసి నడిచాడు.

చౌకులో ఇసకేస్తే రాలనంత జనం. ఎర్ర శాలువా గోడ పక్కనే ఉంది. అరవయ్యేళ్లున్నా ఇంకా తలలు తిప్పించే మనిషి. మొగుడి వేషంవాడు మెళ్లో కెమెరాతో కాస్త ఎడంగా నిలబడ్డాడు. వ్లస్తిమిల్ ఆవిడ పక్కకెళ్లి, ముందే అనుకున్న మాట అన్నాడు.

"ఈ గడియారం లేటనుకుంటా."

"మా పెళ్లికీ లేటే," అంది ఇరేనా. అదే కోడ్. తర్వాత పెదవి కదపకుండా, "పచ్చకోటు కుర్రాడు. వీపున సంచీ. కన్ను తియ్యకు," అంది.

వ్లస్తిమిల్ కన్ను తియ్యలేదు. పచ్చకోటువాడు పంచదార అద్దిన గొట్టంరొట్టె తింటున్నాడు. ఇలాంటి మొహాలు ఎన్ని చూశాడో! ఎన్ని ఊళ్లలో, ఎన్ని గోడలకి చేరబడి! ఒక్క ఊరూ తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. మోకాలు సలుపుతోంది. ఎక్కడన్నా కూచుంటే బావుణ్ణనిపించింది.

అవతల హవ్రానెక్ వచ్చాడు. పొట్టిగా, బొద్దుగా, నాలుగేళ్ల పిల్లని చంకనేసుకుని గడియారం కింద నిలబడ్డాడు. టైము పదకొండుకి రెండు నిమిషాలు.

యర్మిల వచ్చి భుజం మీద పొడిచింది. "అమ్మాయీ పిల్లా ఎప్పట్నుంచో నవ్వుతూ నిలబడ్డారు. తీస్తావా తియ్యవా?"

"తీస్తాను, ఉండు."

"పోనీలే, నువ్వే నయం. ఆ ఎర్ర శాలువా ఆవిణ్ణి చూశావా? మొగుడిచేత నాలుగు ఫొటోలు తీయించుకుంది. ఒక్కటి చూపించమని అడగలేదు! జుట్టెలా వచ్చిందో కూడా చూసుకోలేదు! ఎక్కడన్నా ఉంటుందా అలాంటి ఆడది?"

వ్లస్తిమిల్ గిరుక్కున తిరిగి ఆ మొగుడి చేతిలో కెమెరాకేసి చూశాడు.

చూసుకోవడానికి అందులో ఫొటో ఉంటే కదా. నొక్కినట్టు నటించాడంతే. అది కెమెరా కాదు. విషం సూదులు కొట్టే తుపాకీ. పచ్చకోటువాడు పాపం రొట్టె తినడానికొచ్చాడు.

గంట మోగింది. పైన కిటికీలు తెరుచుకున్నాయి, బొమ్మలు కదిలాయి, జనమంతా మొహాలు పైకెత్తారు. ఎర్ర శాలువా మొగుడు మాత్రం కెమెరా కిందకి దించి హవ్రానెక్ మెడకేసి సరిచూసుకుంటున్నాడు.

పరిగెత్తే మోకాళ్లు కావవి. నాలుగడుగులు కుంటుకుంటూ వెళ్లి, ఊరు చూడ్డానికొచ్చిన తాత ఎలా అంటాడో అలా అన్నాడు వ్లస్తిమిల్.

"అయ్యో, ఆవిణ్ణొక్కదాన్నే తీస్తే ఎలా? ఇలా ఇవ్వండి, జంటగా నేను తీస్తా!"

అంటూనే రెండు చేతులా కెమెరా పట్టి తిప్పేశాడు. పటకారులాంటి పట్టు, అదొక్కటే వయసుతో పోలేదు. పట్టీ తెగింది. మొగుడు ఒక్క అడుగు ముందుకేసి, గొట్టం తన గుండెకేసే చూస్తోందని తెలిసి ఆగిపోయాడు.

"ఆవిడ పక్కకి జరగండి. ఇంకొంచెం. ఆఁ, నవ్వండి. నా వేలు బటన్ మీదే ఉంది."

ఇద్దరూ నవ్వారు. అంత పాడు నవ్వు వ్లస్తిమిల్ ఎప్పుడూ చూడలేదు.

"ఎప్పుడు తెలిసింది?" అంది ఇరేనా, నవ్వు చెరగకుండా.

"నాకు తెలియలేదమ్మా. మా ఆవిడకి తెలిసింది."

ఆఖరి గంట కొట్టేలోపు కాడ్లెట్స్ కుర్రాళ్లు చెరోవైపు చెయ్యేసి, పాత స్నేహితుల్లా కబుర్లాడుతూ వాళ్లని సందులోకి నడిపించారు. వాళ్ల కారు డ్రైవరు వచ్చి కెమెరాని రుమాల్లో చుట్టి పట్టుకెళ్లాడు. జనం ఇంకా పైకే చూస్తున్నారు.

వ్లస్తిమిల్ గోడకి చేరబడ్డాడు. ఎవరో చెయ్యి తట్టారు. చూస్తే హవ్రానెక్. ఏం జరిగిందో ఆయనకి ఏమీ తెలీదు.

"పెద్దాయనా, ఇందాక ఆ దంపతులకి తీశారు కదా, మా ఇద్దరికీ ఒకటి తీసిపెడతారా?"

ఫోను తీసుకుని, గడియారం కూడా పడాలని మోకాలు నేలకానించి తీశాడు వ్లస్తిమిల్. హవ్రానెక్ ఫోనులోకి తేరిపార చూసి మొహం ముడుచుకున్నాడు.

"పొట్ట మరీ కనబడుతోందండీ. ఇంకోటి తియ్యరూ?"

బతికున్నందుకు సంతోషించవయ్యా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. గోడ పట్టుకుని, అమ్మా అనుకుంటూ, మళ్లీ మోకాలు వంచాడు.