అరవై మంది పనివాళ్లు

“పదకొండింటికి నా మీద పోలీస్ కంప్లైంట్ ఇస్తారంటండీ!” అంది నాజియా, లోపలికి వస్తూనే.

ఏలూరు పవర్‌పేటలో ప్రైవేట్ డిటెక్టివ్ జ్ఞానప్రసూనాంబ గారు తింటున్న పెసరట్టు పక్కన పెట్టారు. అసిస్టెంట్ సత్యానందం నోట్‌బుక్ తీశాడు. ఆవిడ వెనక తిరగడమంటే అతనికి తిండి కూడా అక్కర్లేదు.

కొల్లేటి చేపల రైతుల సంఘానికి నాజియా ఒక వెబ్ పేజీ తయారుచేసింది. ఏ చెరువులో ఆక్సిజన్ ఎంతుందో అందులో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. తెల్లవారుజామున అది పడిపోతే రైతులు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు వేసుకుంటారు. సోమవారం నుంచి సరిగ్గా ఆ వేళకే పేజీ తెరుచుకోవడం లేదు. నిన్న సంఘం అధ్యక్షుడు ఏడుకొండలు చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. నాజియా కావాలనే చెడగొట్టిందని ఆయన మండిపడుతున్నాడు.

“మధ్యాహ్నం తెరుచుకుంటోందా?” అడిగారు ప్రసూనాంబ గారు.

“శుభ్రంగా తెరుచుకుంటోందండీ. ఒక్క ఫైలూ పోలేదు. నన్ను మాత్రం సోమవారం నుంచి అధ్యక్షుడుగారు సర్వర్ ముట్టుకోనివ్వడం లేదు. టెక్నీషియన్ కిరణ్ కుమార్ రోజూ రీస్టార్ట్ చేసి వదిలేస్తున్నాడు.”

“పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?”

“నాకు, కిరణ్‌కి, అధ్యక్షుడుగారికీనండీ.”

పదింటికల్లా ముగ్గురూ కైకలూరులోని సంఘం ఆఫీసుకు చేరారు. నలభై మంది రైతులు అప్పటికే గుమిగూడి ఉన్నారు.

“ఏవండీ ఏడుకొండలుగారూ, ఈ సర్వర్ సంగతి మీకేమైనా తెలుసాండీ?”

“ఎందుకు తెలీదండీ? లోపల నలుగురు పనివాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారని ఈ అమ్మాయే చూపించింది. నలుగురేం సరిపోతారు? ఆదివారం మా తమ్ముడి చెరువులో చేపల పట్టుబడికి అరవై మందిని దింపాను. టిఫిన్ వేళకి అయిపోయింది!”

ప్రసూనాంబ గారు తలూపి, కిరణ్ చేత సెట్టింగుల ఫైలు తెరిపించారు. తర్వాత అందరినీ కూర్చోమన్నారు.

“పగవాడైతే ఫైళ్లు చెరిపేసేవాడు. ఇది మేలు కోరినవాళ్ల పని. ఈ సర్వర్ తేలికపాటిది, మెమరీ ఒక్క జీబీ. ఇందులో పనివాళ్లంటే మనుషులు కాదు, అడిగినవాళ్లకి పేజీ పంపే చిన్న ప్రోగ్రాములు. పేజీ అడిగినప్పుడల్లా కొత్త పనివాణ్ణి పిలవకుండా, నలుగురినే ఉంచి వరసగా పని చేయించింది నాజియా. భలే తెలివైన పని! ఫైలు మీదున్న తేదీ ప్రకారం, ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఆ నాలుగుని అరవై చేశారు. పగలు ఒకరిద్దరు అడుగుతారు కాబట్టి ఫర్వాలేదు. తెల్లవారుజామున ఊరంతా ఒక్కసారే అడిగితే అరవై మందీ ఒకేసారి పనిలోకి దిగుతారు. వాళ్లకి మెమరీ చాలదు, సర్వర్ కూలబడుతుంది. పట్టుబడికి పనికొచ్చిన లెక్క ఇక్కడ పనికిరాలేదండీ ఏడుకొండలుగారూ.”

ఏడుకొండలు మొహం పాలిపోయింది. “నేనేనండీ. మంచే చేశాననుకున్నాను.”

నాజియా అరవైని మళ్లీ నాలుగు చేసి సర్వర్ రీస్టార్ట్ చేసింది. “అందరూ ఒక్కసారే పేజీ తెరవండి,” అన్నారు ప్రసూనాంబ గారు. నలభై ఫోన్లలోనూ పేజీ వచ్చింది. “అమ్మ బాబోయ్, ఏం బుర్రండీ మీది!” అన్నాడు సత్యానందం ఉండబట్టలేక.

ఏడుకొండలు ఫోన్లోనూ వచ్చింది. ఆయన చెరువులో ఆక్సిజన్ ఐదుంది, చేపలకి సరిపడా. పీల్చుకోవడానికి ఒక్క చేప లేదు. కాసేపు దాన్నే చూసి, చేతిలో ఉన్న కంప్లైంట్ కాగితం చింపేశాడు.

“నా చేపల్ని నేనే చంపుకుని నీ మీద పడ్డానమ్మా,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “నాదెలాగూ పోయింది. వీళ్ల చెరువులు నీ చేతుల్లో ఉన్నాయి. మమ్మల్ని వదిలి వెళ్లిపోకు తల్లీ.”