రెండో గది ఇంజనీరు

మా పిన్ని పనిచేసే రికార్డింగ్ స్టూడియోలో రెండో గదికి చెడ్డపేరు. చీకటిపడ్డాక ఒంటరిగా కూర్చుంటే లోపల ఎవరో మాట్లాడతారట. ముగ్గురు ఇంజనీర్లు చెప్పులైనా తొడుక్కోకుండా పారిపోయారట.

నేను దెయ్యాల్ని ఒప్పుకోను, రుజువు చూపించమంటాను. అయినా పిన్ని చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను — మధ్యలో అడ్డం రాకండి.

అప్పటికి పిన్ని వైర్లు చుట్టే అసిస్టెంటు. "ఈ రాత్రి ఆ గదిలో ఒక్కదానివే కూర్చుని పాట పూర్తిచెయ్యి. రేపట్నుంచి ఇంజనీరువి నువ్వే. పారిపోయావో, మళ్లీ వైర్లే," అన్నాడు ఓనరు.

పదకొండు దాటింది. అద్దం అవతల, పాడేవాళ్లు నిలబడే చోటు చీకటి. పిన్ని పాట ఆపి, ధైర్యం కోసం ఊరికే అంది —

"ఎవరైనా ఉన్నారా?"

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

"ఎవరైనా ఉన్నారా?"

స్పీకర్లోంచి! ఆడగొంతు. సన్నగా, ముక్కుతో.

పిన్ని కుర్చీతో సహా వెనక్కి జరిగింది. అయినా మర్యాద వదల్లేదు. "నేనున్నానండీ... ఈ గది ఇంజనీర్ని."

నాలుగు సెకన్లు.

"నేనున్నానండీ... ఈ గది ఇంజనీర్ని."

భయం పోయి ఒళ్లు మండింది పిన్నికి. "ఏం కాదు! ఆ ఉద్యోగం నాది!"

"ఏం కాదు! ఆ ఉద్యోగం నాది!"

"చచ్చినదానివి, నీకు జీతమెందుకే?"

"చచ్చినదానివి, నీకు జీతమెందుకే?"

ఆ మాటకి పిన్ని చల్లబడిపోయింది. తన చెయ్యి తనే గిల్లుకుంది. నొప్పి పుట్టింది. కానీ... దెయ్యాలకి నొప్పి పుట్టదని ఎవరు చెప్పారు?

బల్లమీదికి వాలింది. మోచేతి పక్కనే ఎర్రలైటు! పాడేవాళ్లతో మాట్లాడే మైకు సాయంత్రం నుంచీ ఆన్‌లోనే ఉంది. గాయని అడిగితే తనే పెట్టిన ఎకో, నాలుగు సెకన్లది, తియ్యడం మర్చిపోయింది. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్లందరి గొంతులూ విన్న మనిషి, తన గొంతు బయట్నించి ఒక్కసారీ వినలేదు!

ఎకో సున్నాకి తిప్పింది. మైకు కట్టేసింది. కుర్చీలో గిరగిరా తిరుగుతూ పడీపడీ నవ్వింది.

"నేనే! ఇంతసేపూ నేనే!"

ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఏమీ లేదు. హమ్మయ్య.

ఐదు.

"మరి... నేను?"

"పారిపోయావా పిన్నీ?" గుసగుసగా అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పారిపోతే ఉద్యోగం దానికిచ్చెయ్యరటే!"

పదకొండేళ్లుగా రెండో గదికి ఇంజనీరు పిన్నే. తలుపు కొట్టి లోపలెవరని అడిగితే మాత్రం —

"మేమే," అంటుంది.