వంగిన వాసనగీత

బుడ్డిలో వాసనపూత ఇంకా ఏడువందల అడుగులకు వస్తుందని చేతిపట్టీ చెప్పింది. ఈదమ్మ దాని మాట నమ్మలేదు. బుడ్డిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. చిన్ననాటి నుంచి తేనె తీసిన చెయ్యి అది, లోపల ఎంతుందో ఆ చేతికి ఇట్టే తెలిసిపోతుంది. సరిపోతుంది అనుకుని పది అడుగులకో చెట్టు చొప్పున, పులి ముక్కుకు అందే ఎత్తులో, ఒక్కో చుక్క వత్తుకుంటూ నడిచింది.

ఎక్కడో పట్నంలో తొట్లలో వండిన మగపులి వాసన అది. వండినవాళ్ళు పులి మొహం చూసి ఉండరు. అయినా ఆడపులి మాత్రం దాన్ని నమ్ముతుంది. గీతకు ఇవతల ఇంకొకరి ఇలాకా ఉందనుకుని వెనక్కి తిరుగుతుంది. ఆ ఇవతలే పరుగుబాట. పట్నం మనుషులు రంగురంగుల బూట్లేసుకుని నల్లమల గాలి పీల్చుకుంటూ పరుగెత్తే బాట. గీత మొదట్లో రోడ్డు పక్కనే ఉండేది. వచ్చేవాళ్ళు పెరిగినకొద్దీ, సొరతీగ పందిరెక్కినట్టు, ఏటికింత కొండమీదికి పాకింది. ఇప్పుడు వాగు దాకా వచ్చింది.

"పొద్దున్నే పులికి అత్తరు పూస్తున్నవు వదినె! మా అన్నకెన్నడన్న పూసినవా?" అంది వెనకాల వస్తున్న ఆడబిడ్డ నాగులమ్మ.

"మీ అన్నకు పూస్తే తుమ్ముతడు. ఇదే నయం, మూతి ముడుచుకుని దాని దారిన అది పోతది."

"మా అన్న మాత్రం ఎటు పోతడు, నీ చేతి అంబలి అలవాటైనంక!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇప్పపెంట అనే వాళ్ళ అడవిగూడెంలో ఉన్న పద్నాలుగు గుడిసెలూ అడవిలో ఇంకా నిలిచి ఉన్నాయంటే ఈ ఇద్దరి పనే కారణం. గీతకాపరులున్న పెంటను కదిలించరు. పని తప్పితే అందరినీ కొండ దింపి రేకుల షెడ్లలోకి తోలుతారు. అవతలి పెంటను అట్లాగే తోలారు. అక్కడి ముసలమ్మలు ఆ షెడ్లలో ఎండాకాలం దాటలేదు.

వాగు మలుపు దగ్గర పట్టీలో, గీత ఎటు పోవాలో తేల్చే యంత్రపు తీర్పుగొంతు మోగింది. "గీతకాపరి, నేటి గీత గుహ ముందు నుంచి నేరుగా."

ఈదమ్మ నవ్వు ఆగిపోయింది. నాలుగో రోజూ అదే ఆజ్ఞ. ఆ గుహలో నలభై ఒకటో పులి ఈని పన్నెండు రోజులైంది. నలభై ఒకటి అన్నది దాని మెడపట్టీ మీది అంకె. ఈదమ్మ మాత్రం దాన్ని పెద్దక్క అంటుంది. పెద్దక్కకు రెండు పిల్లలు. కళ్ళు ఇప్పుడిప్పుడే తెరుస్తున్నాయి. గుహ ముందు మగపులి వాసన పూస్తే, తన పిల్లల్ని చంపడానికి ఎవరో వచ్చారనుకుని ఆ తల్లికి పిచ్చెక్కుతుంది. ఆ మాట తీర్పుగొంతుకు రెండుసార్లు చెప్పి చూసింది. "వినతి నమోదైంది" అన్నది గొంతు. అంతే.

అందుకే నాలుగు రోజులుగా ఒక ఉపాయం సాగుతోంది. ఈదమ్మ మణికట్టుకు కాస్త ఇప్పనూనె రాసి పట్టీని లాగేసి నాగులమ్మకిచ్చింది. నాగులమ్మ రెండు పట్టీలూ తొడుక్కుని, చెప్పిన దారిన నేరుగా, వాగు ఒడ్డునే చప్పుడు లేకుండా నడిచిపోయింది.

"ఇద్దరి బరువు మోస్తున్న వదినె, రేపు నాకు రెండు ముద్దలు ఎక్కువ పెట్టాలె" అని గొణిగింది పోతూ పోతూ.

ఈదమ్మ బుడ్డి పట్టుకుని గుహను చుట్టి, గీతను బాగా ఇవతలికి వంచి పూసుకుంటూ వచ్చింది. గుహ పులి వైపే ఉండిపోయింది. ఇక పరుగుబాట మిగిలింది. అది పాతబాట, గుహ వైపు పోయే కొత్తబాట అని రెండుగా చీలే చోట ఈదమ్మ ఒక పచ్చి మద్దికొమ్మ విరిచి అడ్డంగా పరిచింది. ఆకుల కొస పాతబాట వైపు, విరిచిన మొదలు గుహ వైపు. కొస ఎటుంటే అటు పో, మొదలు ఎటుంటే అటు పోకు. ఈ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు, నడక వచ్చినట్టే వచ్చింది. వాళ్ళ పెంటలో పాలు మరవని పిల్ల కూడా ఆ కొమ్మ దాటదు. దాన్ని చదవలేని మనిషి ఉంటాడని ఈదమ్మకు ఏనాడూ తోచలేదు.

పొద్దు బారెడెక్కాక అరుపు వినిపించింది.

పరుగెత్తి వెళ్ళేసరికి వాగు ఒడ్డున రంగుబూట్ల పట్నంపిల్ల ఒకతె పడి ఉంది. పేరు కృత్తిక, పాతికేళ్ళుంటాయి. ఎడమ భుజం చీరుకుపోయింది. పెద్దక్క అక్కడ లేదు. ఒక్క దెబ్బ కొట్టి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. చంపాలనుకుంటే మెడ దొరకలేదా దానికి? అది దూరం పొమ్మని కొట్టిన దెబ్బ.

ఈదమ్మ చీరకొంగు చింపి భుజానికి బిగించి కట్టింది. "కొమ్మ చూడలేదా బిడ్డా? అడ్డంగా వేసి పెట్టిన గదా."

"చూశానండీ" అంది ఆ పిల్ల. "తీసి పక్కన పడేశాను. బాట శుభ్రంగా ఉంచమని గేటు దగ్గర రాశారు కదా."

ఈదమ్మ కట్టు ముడిని ఇంకోసారి బిగించింది. తప్పు ఎవరిదని ఎవరిని తిట్టాలి?

కావలిగది అధికారి ఫణీంద్ర నిండా ముప్పై లేని వాడు, మంచివాడు. ఆ పిల్లను ఎగురుబండిలో ఆసుపత్రికి పంపేసి తెర ముందు కూర్చున్నాడు. ఎదురుగా ఈదమ్మ నిలబడింది.

"పులి గీత దాటిందట పెద్దమ్మా. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి దాని మెడపట్టీలో మందు విడుదలవుతుంది."

"ఏం మందు?"

అతను తల వంచుకున్నాడు. "చివరి నిద్ర."

"అది గీత దాటలే సారూ. గీతనే నేను వంచిన. గుహ దిక్కు చుక్క కూడ పూయలే. ఇగో, నోటితో చెప్తున్న, రాసుకో."

ఫణీంద్ర ఉలిక్కిపడి ఆమెను చూశాడు. "ఈ మాట బయటికి పోతే మీ పెంట ఉండదు. తెలుసా?"

"తెలుసు. రాయి."

అతను రాశాడు. రెండు క్షణాల్లోనే తీర్పుగొంతు జవాబిచ్చింది. "గీతకాపరి పట్టీ నేరుగా నడిచింది. పూత కొలత సరిపోయింది. వంపు జరగలేదు."

"ఆ పట్టీ మా ఆడబిడ్డ చేతికి ఉండె!"

"ఆడబిడ్డ పట్టీ కూడా నేరుగా నడిచింది. సాక్ష్యం బలపడింది."

"మరి కొమ్మ? కొమ్మ వేసిన గదా!"

"కొమ్మ. చెత్త. తొలగించబడింది."

తీర్పుగొంతును మోసం చేయడానికి వాళ్ళిద్దరూ ఎంత నేర్పుగా నడిచారో, ఇప్పుడు ఆ నేర్పే వాళ్ళ మెడకు ఉరై బిగిసింది. నిజం చెబుతానన్నా తీసుకునే చెయ్యి లేదు. ఆసుపత్రి నుంచి ఆ పిల్ల కూడా పులిని చంపొద్దని కబురు పంపిందట. బాధితుల జాలి లెక్కలోకి రాదని గొంతు చెప్పింది.

"నువ్వన్న ఆపు సారూ."

"నా చేతిలో మీట లేదు పెద్దమ్మా. నేను వట్టి చదివేవాణ్ణి" అన్నాడు ఫణీంద్ర. తెరమీద మిగిలిన వరసలు చదువుతూ పోయాడు. "మందు పడ్డాక మృగం కొట్టుకుంటుంది కాబట్టి, నలభై అడుగుల లోపల మనిషి పట్టీ ఉంటే విడుదల ఆగుతుంది..."

చదివి తలెత్తేసరికి ఎదురుగా ఈదమ్మ లేదు.

ఆమె గుహకు ముప్పై అడుగుల దూరంలో, ఎండలో, రాతిమీద కూర్చుంది. పట్టీ చేతికే ఉంది. వెంట నీళ్ళు కూడా తెచ్చుకోలేదు. గుహ నోట్లో రెండు కళ్ళు వెలుగుతున్నాయి. కడుపులో నుంచి వచ్చే గుర్రు ఆమె కాళ్ళకింది రాతిదాకా తెలుస్తోంది. ఈదమ్మ చూపు దించేసి, భుజాలు ముడుచుకుని, వీలైనంత చిన్నగా కూర్చుంది.

పన్నెండైంది. "మనిషి సమీపంలో ఉంది. తీర్పు అరగంట వాయిదా" అన్నది గొంతు.

"వదినె! లెవ్వు వదినె!" దూరంగా వాగు అవతల నిలబడి నాగులమ్మ ఏడుస్తోంది. "నిన్ను పీకి పెడతది! అన్నకు నేనేం చెప్పాలె?"

"అంబలి ఉట్టి మీద ఉందని చెప్పు" అంది ఈదమ్మ, మెల్లగా, గుహ వైపు వినిపించకుండా.

పన్నెండున్నర. వాయిదా. ఒంటిగంట. వాయిదా. నాలుక పిడచకట్టుకుపోయింది. లేస్తే పెద్దక్క చస్తుంది. కూర్చుంటే తానేమవుతుందో తెలియదు. కాళ్ళు తిమ్మిరెక్కి, లేవాలన్నా లేవలేని స్థితికి వచ్చింది. పట్టీలోంచి ఫణీంద్ర బతిమాలాడు. "పెద్దమ్మా, పైనుంచి మనుషుల్ని పంపుతున్నారు. ఎత్తుకొచ్చేస్తారు. ఎంతసేపని కూర్చుంటావు?"

"వాళ్ళొస్తే వాళ్ళ పట్టీలు కూడ నలభై అడుగుల లోపలికే వస్తయి గద సారూ."

ఫణీంద్ర తెరమీద ఆ వరస మళ్ళీ చదవడం పట్టీలోంచి వినిపించింది.

నాలుగో వాయిదా అయ్యాక తీర్పుగొంతు, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆజ్ఞ కాకుండా ప్రశ్న వేసింది. "గీతకాపరి, తదుపరి విడుదల సమయం సూచించండి."

ఈదమ్మ ఆలోచించింది. పులిపిల్లలు పాలు మానాలి. వేట నేర్వాలి. తల్లిని విడిచి తమ ఇలాకా తాము వెతుక్కోవాలి.

"రెండేళ్ళు" అంది.

"విడుదల రెండేళ్ళు వాయిదా. నమోదైంది" అన్నది గొంతు. గుహలో పిల్లలు పాలు చీకుతున్న చప్పుడు వినిపిస్తోంది.