పునాది అడిగిన మనిషి

సాయంత్రం కావడానికి ఇంకా పొద్దుంది... అయినా ఎల్ ఆల్తో పట్టణం మీద చీకటి కమ్ముకుంది. మంచుకొండల వెనుక నుంచి లేచిన కారుమేఘం ఆకాశాన్ని కొంచెం కొంచెంగా మింగుతూ వచ్చింది. ఆ రోజు కపాలాల పండుగ. పూలకిరీటాలు పెట్టిన పుర్రెలను ఒళ్ళో పొదువుకుని జనం శ్మశానం నుంచి ఇళ్ళకు మళ్ళుతున్నారు. ఠాణా చూరులో పట్టపగలే గుడ్లగూబ అరిచింది... విన్నానని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు.

వెనుక గదిలో ఇన్‌స్పెక్టర్ ఎవారిస్తో చుకిమియా బల్ల మీది పుర్రె పళ్ళ మధ్య సిగరెట్టు పెట్టి వెలిగించాడు. ఆ పుర్రెను పాస్తోరా అవ్వ అంటారు. అది ఎవరి తలో ఎవరికీ తెలియదు. తలకు ఉన్ని టోపీ తొడిగి, ముందు నమిలే కోకా ఆకులు పోసి, అనుమానితులను ఆమె ఎదుట కూర్చోబెట్టడం ఆ ఠాణా పద్ధతి. అబద్ధమాడితే సిగరెట్టు బూడిద వాడి వైపు రాలుతుందని అంటారు. ఎవారిస్తో పనికొచ్చినంత మేరకే దీన్ని నమ్మేవాడు. నోరు విప్పించడానికి లాఠీ కంటే పుర్రె చవక. భార్య దగ్గుతో పోయాక అతను నవ్వడంలో పొదుపు నేర్చాడు. మనుషులను నమ్మడంలో అంతకంటే ఎక్కువ.

ఈ రోజు పుర్రె ఎదుట కూర్చున్నవాడు ముసలి మంత్రగాడు కాసిమీరో. ఆ చుట్టుపక్కల ఏ మేడ లేచినా భూమికి నైవేద్యం పెట్టేది అతనే. పునాది గోతిలో లామా అనే కొండ జంతువు కడుపులోంచి తీసి ఎండబెట్టిన పిండాన్ని, మిఠాయిలను, సారాయిని పెట్టి కాలుస్తాడు. చిన్న ఇంటికి అది చాలు. పెద్ద మేడ అడిగే నైవేద్యం వేరని జనం గుసగుసలాడుకుంటారు... దిక్కులేని తాగుబోతును, మత్తు దిగకముందే...

ఆగస్టులో, భూమి నోరు తెరిచి ఉంటుందనే నెలలో, ప్లాసిదో అనే ఆసామి తన రంగురంగుల మేడకు పునాది వేశాడు. ఆ రోజు పనికి వెళ్ళిన తాపీమేస్త్రీ గుమెర్సిందో తిరిగి రాలేదు. వేరే ఆడదానితో దిగువ ఊళ్ళకు పారిపోయాడని ఠాణాలో తేల్చారు. అతని భార్య నికోలాసా ఒప్పుకోలేదు. సంతలో పాత పనిముట్లు అమ్ముకునే ఆమె, దుకాణం కట్టేసి రోజూ వచ్చి ఠాణా గుమ్మంలో కూర్చునేది. శవం దొరికితే పాతిపెట్టుకుంటాను, నిజం దొరికితే నిద్రపోతాను అనేది. ఆ మేడకు నైవేద్యం పెట్టినవాణ్ణి అడగమని ఆమె పోరితేనే కాసిమీరోను పిలిపించారు. అయినా ఎవారిస్తోకు ఆమె మీదా అనుమానమే. మొగుడు పోయిన ఇళ్ళలో మొదట చూడవలసింది పెళ్ళాన్నే అని ఉద్యోగం అతనికి నేర్పింది.

కాసిమీరో అదరలేదు. పిండం తప్ప ఏమీ పెట్టలేదన్నాడు. బూడిద ఎటూ రాలలేదు. అతను ముందుకు వంగి పుర్రె నుదుటి మీద వేలు ఆనించాడు. వెలుగుతున్న సిగరెట్టు ఉన్నట్టుండి ఆరిపోయింది. గది చల్లబడింది.

"ముసలిదాన్ని బాగానే మేపుతున్నావు సారూ," అన్నాడు. "కానీ ఎక్కువ పెట్టేవాడి మాటే వింటుంది. మీ ఆవిడకు ఆ దగ్గు ఎవరు పంపారో అడిగావా ఎప్పుడైనా?"

ఎవారిస్తో పిడికిలి బిగుసుకుంది. అదే క్షణాన బయట ఉరుము... తలుపు తోసుకుని నికోలాసా లోపలికి పడింది. కళ్ళు తేలేసింది. జడలు నేలకేసి కొట్టుకుంటున్నాయి. ఆమె గొంతులోంచి ఒక మగవాడి కంఠం, తాగినవాడి ముద్దమాట, తడి కాంక్రీటులోంచి వస్తున్నట్టు బరువుగా...

"చలిగా ఉంది తాతా... కళ్ళకు టోపీ ఎందుకు కప్పావు... నువ్వేగా కప్పింది..."

కాసిమీరో కుర్చీలోంచి లేచాడు. పెదవులు తెల్లబడ్డాయి.

"నేను కాదు," అన్నాడు. "ఆసామి కప్పాడు. నేను సారాయి పోశానంతే."

అనేశాక గానీ తాను ఎవరికి జవాబు చెప్పాడో అతనికి తెలియలేదు.

పూనకంలో ఉన్న ఆడదానికి చెప్పిన మాట ఏ కోర్టులోనూ చెల్లదని పై అధికారి నవ్వాడు. కాసిమీరోను విడిచిపెట్టమన్నాడు. నికోలాసా లేచి, లంగా దులుపుకుని, మంచినీళ్ళు తాగింది. నిజంగా పూనిందా అని ఎవారిస్తో నెమ్మదిగా అడిగాడు.

"తుప్పు పట్టిన సుత్తిని కొత్తదని అమ్మేదాన్ని సారూ నేను," అంది ఆమె. "వాడు కొన్నాడా లేదా, అది చూడండి."

కొన్నాడు. ఠాణా నుంచి కాసిమీరో ఇంటికి పోలేదు, తిన్నగా ప్లాసిదో మేడకే పోయాడు. చచ్చినవాడు మాట్లాడాడంటే భూమి నోరు సరిగా మూతపడలేదన్నమాట. వెంటనే మళ్ళీ మూయాలి. ఎవారిస్తో, నికోలాసా చప్పుడు కాకుండా అతని వెనుక మెట్లెక్కారు.

పై అంతస్తుకు ఇంకా కప్పు లేదు. స్తంభాల కొసల నుంచి ఇనుప చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని ఉన్నాయి. వాటి మధ్య లామా కొవ్వు మండుతోంది. మంట వెలుగులో మరో పుర్రె... దీనికి టోపీ లేదు, పూలు లేవు, కంటి గుంటల్లో నల్ల మైనం. పక్కన ఆసామి ప్లాసిదో మంటలోకి కొవ్వు వేస్తున్నాడు.

వాళ్ళను చూసి కాసిమీరో కంచుగంట పైకెత్తాడు. గాలి ఊళ పెట్టింది. పిడుగును పేరు పెట్టి పిలిచి, ఈ పోలీసును తీసుకో, ఈ ఆడదాన్ని తీసుకో అని అరిచాడు. వడగళ్ళు రాలాయి. మెరుపులు కొండ నుంచి కొండకు దూకాయి. ఎవారిస్తో పిస్తోలు తీశాడు, కానీ వేలు కదలలేదు... గుండెలో ఎవరో మంచుగడ్డ పెట్టినట్టు...

ఆకాశం తెల్లగా చీలింది.

పిడుగు వచ్చింది. పిలిచినవాడి మీదికే వచ్చింది. చువ్వల మధ్య కాసిమీరో నిలువునా వెలిగి, కూలిపోయాడు. గంట కరిగి చేతికి అంటుకుపోయింది.

ప్లాసిదో వెంటనే గోడ వైపు తిరిగి ముఖం కప్పుకున్నాడు. తిరగండి, చూడకండి అని వాళ్ళను వేడుకున్నాడు. ఆ నేల మీద పుట్టినవాడు ఎవడైనా అదే చేస్తాడు. మొదటి పిడుగు మనిషిని చంపుతుంది, రెండోది అతికించి లేపుతుంది. లేచినవాడికి ఇక ఎదురు ఉండదు. కానీ ఈలోగా అతని మీద ఇద్దరు మనుషుల చూపు పడిందా, ఇక లేవడు. ఒక్కరి చూపు చాలదు.

ఎవారిస్తో కాళ్ళు వాటంతటవే తిరిగాయి. తల్లి నేర్పిన భయం అది. తిరిగాక తెలిసింది, పక్కన నికోలాసా తిరగలేదని.

"చూడకూడదమ్మా," అన్నాడు.

"మా ఆయన్ని గోతిలోకి దించినప్పుడు కూడా అందరూ ఇలాగే తిరిగి నిలబడ్డారు. నేను తిరగను."

మాడిన ఆ చేతి వేళ్ళు కదులుతున్నాయంది. ఒకటి... ఇంకొకటి... పైన మేఘం రెండోసారి గుడ్లురుముతోంది.

బతికితే వీడికి కోర్టు లేదు. చస్తే ఆ చావు తన చూపు మీద పడుతుంది. ఎవారిస్తో ఒక్క క్షణం రెండింటినీ తూచాడు. తర్వాత వెనక్కి తిరిగి, కళ్ళు పెద్దవి చేసి చూశాడు.

మెరుపు తల మీదికి వచ్చి, తడబడి, దూరాన మంచుకొండ మీద పడింది. వేళ్ళు ఆగిపోయాయి. మైనం కళ్ళ పుర్రె పటేలున పగిలింది.

"లేచాడా?" గోడ వైపు నుంచే అడిగాడు ప్లాసిదో.

"లేవడు. నువ్వు చెప్పు. మేస్త్రీ ఎక్కడ?"

ఆసామి వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచాడు. కింద, మెట్ల పక్క స్తంభం పునాదిలో.

నికోలాసా దిగి వెళ్ళింది. ఎవారిస్తో మాత్రం అక్కడే నిలబడ్డాడు. వడగళ్ళు ముఖాన్ని కొడుతున్నా, ఆ శవం మీద నుంచి చూపు మరల్చడానికి అతనికి ఇంకా ధైర్యం చాలలేదు.